చిరునామా గడి ఖాళీగా ఉన్నవాళ్ల గురించి పురపాలక సంఘానికి బహిరంగ లేఖ

పురపాలక సంఘం పాలకవర్గానికి, కమిషనర్ గారికి, గృహనిర్మాణ విభాగం అధికారులకు,

నమస్కారం. మీ మీద ఉన్న పని ఒత్తిడి తెలుసు. మురుగు కాలువ పొంగినా, వీధి దీపం వెలగకపోయినా జనం ముందు మీ తలుపే తడతారు. అందుకే మన ఊళ్లో ఇల్లు లేకుండా బతుకుతున్నవాళ్ల విషయం మొదట బయట పెట్టలేదు, మీకే అర్జీ ఇచ్చాం. మూడుసార్లు ఇచ్చాం. మూడుసార్లూ టపాలో ముద్ర వేసి కాపీ చేతికిచ్చారు. రాతపూర్వకంగా ఒక్క జవాబూ రాలేదు. నోటిమాటగా మాత్రం రెండు మాటలు చెప్పి పంపారు: "వాళ్లంతా బయటి ఊళ్లవాళ్లు." "ఇల్లిచ్చినా అందులో ఉండరు." ఈ రెండు మాటలూ సరికాదు. ఎందుకు సరికాదో, మేం ఏం అడుగుతున్నామో ఊరందరి ముందూ రాస్తున్నాను.

ఇల్లు లేనివాళ్లు రాత్రి తలదాచుకునే షెల్టర్‌లో నేను వారానికి మూడు సాయంత్రాలు దరఖాస్తులు నింపుతాను. రేషన్ కావచ్చు, పింఛను కావచ్చు, ఆస్పత్రి కార్డు కావచ్చు, ఏ దరఖాస్తు తీసినా పేరు, వయసు దాటాక ఒక గడి వస్తుంది. చిరునామా. అప్పటిదాకా గలగలా చెప్పుకుపోయిన మనిషి అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గించేస్తాడు. కొందరు గోడకేసి చూస్తారు. "పాత ఇంటి అడ్రసే రాసెయ్యండమ్మా" అంటారు. రాస్తాను. రెండు నెలలకు ఆ ఉత్తరం పాత ఇంటికి వెళ్తుంది, అక్కడ ఇప్పుడుంటున్నవాళ్లు "ఇక్కడ అలాంటివాళ్లు లేరు" అని పంపేస్తారు. దాంతో పేరు జాబితాలోంచి పోతుంది. మళ్ళీ కొత్త దరఖాస్తు, మళ్ళీ అదే గడి.

వాళ్లలో ఒకామె గురించి చెప్పాలి. ఆస్పత్రిలో ఆయాగా చేస్తుంది, రాత్రి డ్యూటీ. తెల్లవారాక పడుకోవాలి. కానీ మన షెల్టర్ రాత్రికే తెరుస్తారు, పొద్దున 6 గంటలకు అందరినీ బయటికి పంపి తాళం వేస్తారు. అంటే ఆమె పనిలో ఉన్నంతసేపూ షెల్టర్ తెరిచి ఉంటుంది, నిద్రపోవాల్సిన వేళకు మూసేస్తారు. పగలంతా ఆస్పత్రి ఓపీ హాల్లో బెంచీ మీద, రోగుల బంధువుల మధ్య, కూర్చునే కునుకు తీస్తుంది. సంచి పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంటుంది, కన్ను మూతపడితే ఎవరైనా ఎత్తుకుపోతారని. మీ రికార్డులో ఈమె "షెల్టర్ సౌకర్యం వినియోగించుకోని వ్యక్తి". ఇల్లిచ్చినా ఉండరన్న మాట ఇలాంటి రికార్డుల్లోంచే పుట్టింది.

ఇక "బయటి ఊళ్లవాళ్లు" అన్న మాట. నేను నింపిన దరఖాస్తుల్లో ఎక్కువమంది పాత చిరునామాలు ఈ ఊరివే. వీధి పేరు, పక్కింటివాళ్ల పేర్లతో సహా చెబుతారు. బయటి నుంచి పనికోసం వచ్చినవాళ్లూ ఉన్నారు. పని ఇచ్చింది ఈ ఊరే కదా. మనిషి పని కావాలి, మనిషి మాత్రం రాత్రికి ఎక్కడికైనా పోవాలంటే ఎలా?

అసలు ఎంతమంది ఉన్నారన్న దగ్గరే మనకు పేచీ. మీ లెక్క ఎలా తీశారో మేం చూశాం. ఒక రాత్రి జీపులో తిరిగి, బస్టాండులో, స్టేషన్ బయట పడుకున్నవాళ్లను లెక్కపెట్టి వెళ్లిపోయారు. లేచి కూర్చున్నవాళ్లు ప్రయాణికుల కింద పోయారు. ఆ లెక్కలో ఆడవాళ్లు దాదాపు లేరు. ఒంటరి ఆడమనిషి నలుగురికీ కనిపించే చోట పడుకోదు. రాత్రంతా నడుస్తుంది, లేదంటే ఆస్పత్రి వార్డు బయట రోగి తాలూకు మనిషిలా కూర్చుంటుంది, అదీ కుదరకపోతే కొట్టే మొగుడి దగ్గరికే తిరిగి వెళ్తుంది. జీపు లైటుకు ఇవేవీ కనిపించవు.

ఒక్క రాత్రి లెక్కతో వచ్చే ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివాళ్లను లెక్కపెడితే దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. అమెరికాలో ఏటా జనవరి చివర్లో ఒక రాత్రి లెక్క తీస్తారు, 2024లో 7,70,000 మందికి పైగా తేలారు. రెండు చోట్లా ఆ రాత్రి చుట్టాల ఇంటి వసారాలో సర్దుకున్నవాళ్లు లెక్కలోకి రాలేదు. యూరప్‌లో ఈ రంగంలో పనిచేసే సంస్థల సమాఖ్య 2005లో ఒక వర్గీకరణ తయారుచేసింది. అందులో నాలుగు రకాలున్నాయి. బొత్తిగా నెత్తిన కప్పు లేనివాళ్లు. షెల్టర్ల లాంటి తాత్కాలిక చోట్ల ఉండేవాళ్లు. ఇవాళో రేపో ఖాళీ చేయాల్సిన చోట, లేదా కొట్టే మనిషి నీడన ఉండేవాళ్లు. మనుషులు ఉండటానికి పనికిరాని చోట ఉండేవాళ్లు. మీరు లెక్కపెట్టింది మొదటి రకంలో కొందరిని మాత్రమే. మిగతా మూడు రకాలవాళ్లే రేపు బస్టాండుకు వచ్చేవాళ్లు.

రోడ్డున పడటం ఒక్క రోజులో జరగదు. దరఖాస్తులు నింపుతూ వాళ్ల మాటలు వింటుంటే వరస ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఇంటి ఓనరు అద్దె పెంచుతాడు. రెండు నెలలు అప్పు చేసి కడతారు. మూడో నెల బాకీ అడ్వాన్సులోంచి తగ్గించుకోమంటారు. ముందు బీరువా అమ్ముతారు, తర్వాత మంచం, ఆఖరున కుట్టుమిషన్. కుట్టుమిషన్ పోయిందంటే సంపాదనా పోయినట్టే. తర్వాత చెల్లెలి ఇంట్లో నెల, స్నేహితుడి ఇంట్లో పది రోజులు. "ఇంకెన్నాళ్లు?" అని వాళ్లు నోరు తెరిచి అడగకముందే, ఆ ఇంటి ఇల్లాలి ముఖం చూసి వీళ్లే సామాను సర్దుకుంటారు. ఇదంతా ఐదారు నెలలు పడుతుంది. ఆ ఐదారు నెలల్లో ఎప్పుడైనా ఆపి ఉండవచ్చు. ఆపడానికి మీ దగ్గర ఏ విభాగమూ లేదు, ఏ నిధీ లేదు, ఫోన్ చేయడానికి ఒక నంబరు కూడా లేదు.

తాగుడు వల్లే, మతిస్థిమితం లేకే ఇలా అవుతారని మీలో కొందరు అనుకుంటున్నారు. షెల్టర్‌లో తాగేవాళ్లు లేరని నేను అనను. కానీ తాగుడు ఇళ్లున్నవాళ్లలోనూ ఉంది, వాళ్లు రోడ్డున పడటం లేదు. అమెరికా నగరాలనే చూడండి. పేదరికం ఎక్కువున్న డెట్రాయిట్‌లో కంటే, జీతాలు బాగుండి అద్దెలు ఆకాశాన్నంటే శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటెల్‌లలోనే ఇల్లు లేనివాళ్లు ఎక్కువ. మత్తుమందుల వల్ల చావులు ఎక్కువగా ఉండే వెస్ట్ వర్జీనియాలో ఇల్లు లేనివాళ్లు తక్కువ, ఎందుకంటే అక్కడ అద్దె అందుబాటులో ఉంటుంది. నీరు పల్లమెరుగు అంటారు. రోగం ఉన్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు, మొగుడు వదిలేసిన ఆడవాళ్లు పల్లంలో ఉన్నారు కాబట్టి ముందు మునుగుతున్నారు. ముంచుతున్నది మాత్రం అద్దె. వరద వచ్చినప్పుడు మునిగిన ఇంటివాణ్ణి "నీలో లోపమేంటి" అని అడగం కదా.

అందుబాటు అద్దె అంటే ఎంత అన్నదానికి చాలా దేశాల్లో వాడే కొలత ఒకటుంది: ఆదాయంలో 30 శాతం. అమెరికా ప్రభుత్వ ఇళ్లలో 1969లో దీన్ని 25 శాతంగా పెట్టారు, 1981లో 30కి పెంచారు. నన్నడిగితే మరీ తక్కువ సంపాదించేవాళ్లకు 30 కూడా ఎక్కువే. రోజుకూలి మీద బతికే మనిషి అద్దెకు దాదాపు మూడో వంతు ఇస్తే, మిగిలినదాంట్లో తిండి, మందులు, బస్సు ఛార్జీ గడవవు. ఆ 30 కూడా మన ఊళ్లో ఎవరికీ దక్కడం లేదు. సంపాదనలో సగానికి పైగా అద్దెకే పోతోందని షెల్టర్‌కు వచ్చిన ప్రతి కుటుంబం చెబుతుంది.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా రాస్తున్నాను.

1. పని పోతుంది. షెల్టర్‌లోకి రాత్రి 8 లోపు రావాలన్నది మీ నిబంధన. 9 దాకా హోటల్లో గిన్నెలు తోమే మనిషి ఏం చేయాలి? పని వదులుకోవాలి, లేదా చోటు వదులుకోవాలి. స్నానం లేకుండా, నలిగిన బట్టలతో, నిద్ర లేని కళ్లతో వచ్చిన మనిషికి కొత్త పని ఎవరూ ఇవ్వరు. పని లేనిదే ఇల్లు రాదు, ఇల్లు లేనిదే పని నిలవదు.

2. రోగం ముదురుతుంది. ఇన్సులిన్ చల్లగా దాచుకోవాలి, ఎక్కడ దాచాలి? క్షయకు మామూలుగా ఆరు నెలలు తప్పకుండా మందులు మింగాలి. పోయిన నెల ఒకాయన మాత్రల సంచి ఫుట్‌పాత్ మీద నుంచి చెత్తబండిలోకి వెళ్లిపోయింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2018లో ఇల్లు లేకుండా చనిపోయినవాళ్ల సగటు వయసు అక్కడి ప్రభుత్వ గణాంకాల ప్రకారం మగవాళ్లలో 45, ఆడవాళ్లలో 43. ప్రతి ఒక్కరికీ ఉచిత వైద్యం ఉన్న దేశంలో పరిస్థితి అది.

3. పిల్లల చదువు ఆగుతుంది. చుట్టాల ఇల్లు మారినప్పుడల్లా బడి మారదు, దూరం పెరుగుతుంది. మొదట ఆలస్యంగా వెళ్తారు, తర్వాత మానేస్తారు.

4. కాగితాలు పోతాయి. ఇది మీ చేతుల్లో జరుగుతున్నది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పండగలకూ, పెద్దల పర్యటనలకూ ముందు ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయిస్తున్నారు. తెల్లవారుజామున సిబ్బంది వస్తారు. మూటలు లారీలోకి విసిరేస్తారు. ఆ మూటల్లో దుప్పటి ఒక్కటే ఉండదు. ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన గుర్తింపు కార్డు, ఆస్పత్రి చీటీ, కొడుకు పదో తరగతి సర్టిఫికెట్, చనిపోయిన భర్త ఫొటో ఉంటాయి. ఒక పెద్దాయన ఆ కవరు నడుముకు కట్టుకుని పడుకుంటాడు. స్నానానికి వెళ్లిన పది నిమిషాలు మాత్రం దుప్పటి కింద పెట్టాడు, ఆ పది నిమిషాల్లోనే మీ లారీ వచ్చింది. కార్డు మళ్ళీ తెచ్చుకోవడానికి చిరునామా రుజువు కావాలన్నారు. ఆయన ఇప్పటికి ఏడుసార్లు ఆఫీసుకు తిరిగాడు. మీ లారీ తీసుకెళ్లిన సామాను ఎక్కడుందో చెప్పేవాళ్లు ఇప్పటికీ లేరు.

5. ఆడవాళ్లు హింస భరిస్తారు. బయటికొస్తే ఎక్కడికెళ్లాలో తెలియక దెబ్బలు తింటూ ఆ ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు ఎంతమందో మీ దగ్గరా లెక్క లేదు, మా దగ్గరా లేదు.

6. ఊరు మొత్తానికీ నష్టం ఉంది. వీధులు ఊడ్చేవాళ్లు, ఆస్పత్రుల్లో నర్సులు, దుకాణాల్లో పనివాళ్లు అద్దె భరించలేక దూరం జరిగిపోతున్నారు. రెండేసి గంటలు ప్రయాణం చేసి పనికొస్తున్నారు. వీళ్లు షెల్టర్‌కు రారు, కానీ ఇబ్బందికి మూలం ఒక్కటే.

ఇల్లు దయతలచి ఇచ్చేది కాదు. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణంలో తిండి, బట్ట, వైద్యంతో పాటు ఇల్లూ ఉంది. ఐక్యరాజ్యసమితి కమిటీ 1991లో సరైన ఇల్లంటే ఏమిటో ఏడు లక్షణాలు చెప్పింది. నాలుగు గోడలూ పైకప్పూ ఉంటే చాలదు. తరిమేస్తారన్న భయం ఉండకూడదు, ఖర్చు భరించేలా ఉండాలి, పనికీ బడికీ ఆస్పత్రికీ అందుబాటులో ఉండాలి. అదే కమిటీ 1997లో, ఖాళీ చేయించడం వల్ల ఎవరూ నిరాశ్రయులు కాకూడదని స్పష్టంగా చెప్పింది. మన సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనంది. ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లు పని దగ్గరగా ఉంటుందనే అక్కడ ఉంటారని, అక్కడి నుంచి పంపేస్తే పని కూడా పోతుందని ఆ తీర్పు గుర్తించింది. ఖాళీ చేయించడాన్ని ఆ తీర్పు పూర్తిగా ఆపలేదన్నది నిజమే. అయితే ఆ కారణాన్ని అంత సూటిగా చెప్పిన మాట ఇంకోటి నేను చదవలేదు.

"ఇల్లిచ్చినా ఉండరు" అన్నదానికి ఇప్పుడు జవాబు చెబుతాను. ముందు తాగుడు మానాలి, మందులు వాడాలి, పని వెతుక్కోవాలి, అప్పుడే ఇల్లు అన్నది పాత పద్ధతి. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మానసిక నిపుణుడు దీన్ని తిరగేశాడు. ముందు ఇల్లు, తర్వాత మిగతావి. తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్లకే ఇళ్లిచ్చి మొదలుపెట్టాడు. కెనడా దీన్ని 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో, 2,000 మందికి పైగా మనుషులతో పరీక్షించింది. చీటీ తీసినట్టుగా కొందరికి ముందు ఇల్లిచ్చారు, మిగతావాళ్లను మామూలు సేవలకే వదిలారు. చివరి ఆరు నెలల్లో ఇల్లు అందుకున్న గుంపులో 62 శాతం మంది ఒక్కరోజూ తప్పకుండా ఇంట్లో ఉన్నారు. రెండో గుంపులో 31 శాతం. ఖర్చు సంగతీ దాచను. మొదట్లో సేవల ఖర్చు అందరికంటే ఎక్కువున్న పదోవంతు మంది విషయంలో, పెట్టిన డబ్బుకు రెట్టింపు పైగా ఆస్పత్రుల్లో, జైళ్లలో, ఇతర సేవల్లో ఆదా అయింది. మిగతావాళ్ల విషయంలో ఆదా ఖర్చుకు సరిపోలేదు. అయినా వాళ్లకూ ఇల్లు ఇవ్వాల్సిందే. బడి కట్టేముందు లాభం ఎంతని అడగం.

ఫిన్లాండ్ దీన్ని దేశం మొత్తానికీ విధానంగా చేసుకుంది. 1980ల చివర్లో అక్కడ ఇల్లు లేనివాళ్లు 18,000 దాకా ఉండేవాళ్లు. 2008లో షెల్టర్ల స్థానంలో ఇళ్లు పెట్టడం మొదలుపెట్టారు. 2022 నాటికి ఆ సంఖ్య 4,000 లోపుకు దిగింది. గమనించండి, చుట్టాల దగ్గర, స్నేహితుల దగ్గర తలదాచుకునేవాళ్లను కూడా కలుపుకుని వచ్చిన లెక్క అది. హెల్సింకిలో 250 పడకలున్న ఒక పెద్ద షెల్టర్‌ను 81 విడి ఇళ్లుగా మార్చారు. ఉండేవాళ్లు అద్దె ఒప్పందం మీద సంతకం పెడతారు, తలుపుకు సొంత తాళం ఉంటుంది, సాయం చేసే సిబ్బంది అదే భవనంలో ఉంటారు. 2024లో అక్కడ సంఖ్య మళ్ళీ కొంత పెరిగింది. ఇల్లిచ్చి చేతులు దులుపుకునే పని కాదిది, ఏటా డబ్బు పెడుతూనే ఉండాలి.

ఇళ్లు ఎక్కడి నుంచి తెస్తామంటారా, వియన్నా నగరం 1923లో ఇళ్ల మీద పన్ను వేసింది. విలాసవంతమైన ఇళ్లకు ఎక్కువ, చిన్నవాటికి తక్కువ. ఆ డబ్బుతో 1934 లోపు 60,000కు పైగా అద్దె ఇళ్లు కట్టింది. ఇప్పటికీ దాదాపు 2,20,000 ఇళ్లు ఆ నగర పాలక సంస్థవే. వాటిని అమ్ముకోలేదు. బ్రిటన్ అమ్ముకుంది. 1980 చట్టంతో స్థానిక సంస్థల ఇళ్లను అందులో ఉండేవాళ్లకే తక్కువ ధరకు ఇచ్చింది, ఒక్క ఇంగ్లండ్‌లోనే దాదాపు 20 లక్షల ఇళ్లు అలా పోయాయి. కొనుక్కున్నవాళ్లు బాగుపడ్డారు, కాదనను. కానీ అమ్మినన్ని మళ్ళీ కట్టలేదు. వాళ్ల తర్వాతివాళ్లకు అద్దెకు దొరికే ఇల్లు లేకుండా పోయింది. కట్టి వదిలేస్తే ఏమవుతుందో చెప్పే ఊరూ ఉంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 1950ల మధ్యలో పేదలకని 11 అంతస్తుల భవనాలు 33 కట్టారు. కట్టడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది, నిర్వహణ మాత్రం అద్దెలతోనే చేసుకోమంది. పేదల అద్దెతో లిఫ్టులు, పైపులు బాగుచేయడం కుదరలేదు. 1972లో కూల్చడం మొదలుపెట్టారు. ఊరి చివర రోడ్డు, నీళ్లు లేని చోట కట్టిన ఇళ్లను మనవాళ్లు తీసుకోకపోతే "చూశారా, ఇచ్చినా రాలేదు" అనేముందు ఆ భవనాలను గుర్తుచేసుకోండి.

ఇక మా డిమాండ్లు.

1. ప్రత్యామ్నాయం చూపకుండా ఖాళీ చేయించడం ఈ రోజు నుంచే ఆపండి. ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి. సామాను తీసుకెళ్తే జాబితా రాసి, రసీదు ఇచ్చి, తిరిగి ఇవ్వాలి. ఇప్పటిదాకా లారీల్లో వెళ్లిన కాగితాలు ఎక్కడున్నాయో 15 రోజుల్లో చెప్పండి. పోయినవాటికి కొత్తవి మీరే ఇప్పించండి.

2. చిరునామా లేనివాళ్లకు మీ వార్డు ఆఫీసే చిరునామాగా వాడుకునే వీలివ్వండి. "కేరాఫ్ వార్డు ఆఫీసు" అని రాసుకుంటాం. వచ్చిన ఉత్తరాలు పెట్టడానికి ఒక అర, వారానికి ఒకసారి ఇచ్చే మనిషి ఉంటే చాలు. పెద్ద ఖర్చు కూడా లేని పని, దీనికి మాత్రం ఆలస్యానికి కారణం కనిపించడం లేదు.

3. షెల్టర్ 24 గంటలూ తెరవండి. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు పగలు పడుకునే చోటు, కుటుంబాలకు విడి గదులు, ఆడవాళ్లకు వేరే ప్రవేశ ద్వారం, ఆడ సిబ్బంది ఉండాలి. తాళం వేసుకునే లాకరు మనిషికొకటి కావాలి. రాత్రి 8 గంటల నిబంధన పనిచేసేవాళ్లకు తీసేయండి.

4. లెక్క మళ్ళీ తీయండి. ఏడాదికి రెండుసార్లు, వేర్వేరు కాలాల్లో. ఆస్పత్రులు, బడులు, షెల్టర్లు, మహిళా సహాయ కేంద్రాల సమాచారం కలపండి. రోడ్డు మీద బతికి వచ్చినవాళ్లను గణనలో కూలి ఇచ్చి పెట్టుకోండి. ఎవరు ఏ మూల పడుకుంటారో వాళ్లకు తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు.

5. అద్దె ఇళ్లు పెంచండి. పురపాలక సంఘం క్వార్టర్లు తలుపులు ఊడి ఖాళీగా పడి ఉన్నాయి. వాటి జాబితా బయట పెట్టి, బాగుచేసి, షెల్టర్‌లో ఉన్న కుటుంబాలకు ముందుగా అద్దెకివ్వండి. అద్దె ఆదాయంలో 30 శాతం మించకూడదు, అతి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇంకా తగ్గించాలి. వాటిని అమ్మబోమని తీర్మానం చేయండి. కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ బస్సు సౌకర్యం, పని, బడి దగ్గర్లో ఉన్నాయో లేదో చూశాకే స్థలం ఖరారు చేయండి. నిర్వహణకు విడిగా బడ్జెట్ పెట్టండి.

6. ఇల్లు పోకముందే ఆదుకునే నిధి పెట్టండి. రెండు నెలల అద్దె బాకీ, లేదా కొత్త ఇంటి అడ్వాన్సు. కుట్టుమిషన్ అమ్మేలోపే ఆ సాయం అందాలి. ఓనరుకూ అద్దెకున్నవాళ్లకూ మధ్య మాట్లాడి రాజీ కుదిర్చే మనిషిని ఒకరిని నియమించండి. ఓనర్లలో చాలామంది చెడ్డవాళ్లు కాదు, వాళ్లకూ ఆ అద్దె మీదే ఇల్లు గడవాలి. బాకీ కడతారన్న భరోసా ఉంటే ఆగుతారు.

7. ఇల్లు ఇచ్చాక మనిషిని వదిలేయకండి. మానసిక జబ్బు, తాగుడు ఉన్నవాళ్ల దగ్గరికి వారం వారం వెళ్లే కార్యకర్తలు కావాలి. వైద్యం తీసుకోవాలన్నది ఇల్లివ్వడానికి షరతు కాకూడదు.

మొదటి రెండింటికీ మీ సంతకం చాలు, పైనుంచి ఆర్డరు రావాల్సిన పని లేదు. మూడు, నాలుగు ఈ ఏడాది బడ్జెట్‌లోనే సర్దవచ్చు. మిగతావి రెండు మూడేళ్ల పని, ఆ సంగతి మాకూ తెలుసు. అందుకే తేదీలతో ప్రణాళిక అడుగుతున్నాం. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఇవ్వకపోతే షెల్టర్‌లో ఉన్నవాళ్లతో కలిసి వచ్చే కౌన్సిల్ సమావేశానికి వస్తాం, ఈ ఏడు అంశాలూ అజెండాలో పెట్టమని అక్కడే అడుగుతాం.

ఈలోగా ఒక మాట. వచ్చే ఆదివారం రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 4 దాకా మేమే ఊరంతా నడిచి లెక్క తీస్తున్నాం. బస్టాండు, స్టేషన్, ఆస్పత్రి వరండాలు, ఫ్లైఓవర్ కింద, మార్కెట్ వెనక షెడ్లు. ఆయాగా పనిచేసే ఆమె ఆ రాత్రి డ్యూటీ మార్చుకుని వస్తోంది, ఆస్పత్రిలో ఎవరు రోగి మనిషో, ఎవరు చోటులేక వచ్చిన మనిషో తను గుర్తుపట్టగలదు. మీ వైపు నుంచి ఒక అధికారిని మాతో పంపండి. జీపు వద్దు, నడిచి రావాలి. మా లెక్కలో తప్పుంటే అక్కడికక్కడే దిద్దవచ్చు, తప్పు లేకపోతే కింద సంతకం పెట్టాలి.

ఇట్లు,
షెల్టర్‌లో దరఖాస్తులు నింపే ఒక వాలంటీర్